గోడ ప్లగ్గు నుంచి విమానం తలుపు దాకా

వందేళ్ళ క్రితం వరకు చాలామంది ఒక మాట గట్టిగా నమ్మేవాళ్ళు. మనిషి ఆకాశంలోంచి కింద పడుతుంటే దారిలోనే స్పృహ తప్పుతుంది, చేతులు పనిచెయ్యవు అని. అందుకే అప్పటి పారాచూట్లని తెరిచే పని మనిషికి ఇచ్చేవాళ్ళు కాదు. ఒక తాడు బెలూన్‌కో విమానానికో కట్టి ఉండేది. మనిషి దూకగానే ఆ తాడే పారాచూట్‌ని బయటికి లాగేది. పడుతున్న మనిషి మీద నమ్మకం లేదు కాబట్టి తాడుని నమ్మారు.

1919 ఏప్రిల్ 28న ఒహాయో రాష్ట్రంలో, డేటన్ దగ్గర మెక్‌కుక్ ఫీల్డ్‌లో లెస్లీ అర్విన్ అనే అతను విమానంలోంచి దూకాడు. కొంతసేపు ఊరికే పడ్డాడు. తర్వాత తన చేత్తో తనే పిడి లాగి పారాచూట్ తెరిచాడు. స్పృహ తప్పలేదు. నేల మీద దిగేటప్పుడు చీలమండ విరిగింది, అది వేరే విషయం. ఆ రోజుతో పాత నమ్మకం పోయిందని పుస్తకాల్లో రాస్తారు.

నాకు ఇంకో పేరు కూడా చెప్పాలని ఉంది. టైనీ బ్రాడ్‌విక్. 15 ఏళ్ళ వయసులో బెలూన్ల మీదనుంచి దూకడం మొదలుపెట్టిన అమ్మాయి. ఐదడుగుల ఎత్తు కూడా లేదు. 1914లో శాన్ డియాగోలో సైన్యం వాళ్ళకి చూపిస్తుంటే, ఆమె తాడు విమానానికి చిక్కుకుంది. తర్వాతి సారి ఆమె తాడు కోసేసి, కొంచెం ముక్క మిగుల్చుకుని, పడుతూ తన చేత్తో లాగింది. అర్విన్ కంటే ఐదేళ్ళ ముందు! అయినా డాక్టర్ల మాట ఇంకో ఐదేళ్ళు బతికింది. ఒక అమ్మాయి చేసింది సాక్ష్యంగా ఎవరూ లెక్కపెట్టలేదని నా అనుమానం.

ఈ కథ ఎందుకు చదివానంటే, నాకు 31 ఏళ్ళు, నా ఎడమ కాలర్ బోన్ కింద ఒక పేస్‌మేకర్ ఉంది. అది పెట్టకముందు నేను 163 సార్లు దూకాను. మళ్ళీ దూకొచ్చా అని అడిగితే ఒకరు వద్దన్నారు, ఒకరు నవ్వారు, ఒకరు కాగితం తెమ్మన్నారు. ఎవరూ ఎందుకో చెప్పలేదు. సరే, ఈ మిషన్ ఎక్కడనుంచి వచ్చిందో, ఎవరికోసం చేశారో చదివితే నా ప్రశ్న ఏంటో నాకైనా తెలుస్తుంది అనుకున్నాను.

(తెలుగు నేర్చుకునేవాళ్ళకి చిన్న మాట. కాలర్ బోన్‌కి నిఘంటువులో "జత్రుక" అని ఉంది. ఇంట్లో నలుగురిని అడిగాను, ఎవరికీ తెలియదు. అందుకని కాలర్ బోన్ అనే రాస్తున్నాను. పేస్‌మేకర్‌ని తెనాలిలో మా అమ్మమ్మ "గుండె మిషను" అంటుంది. అది నాకు బాగా నచ్చింది.)

గుండె మిషను పుట్టింది గోడ పక్కన. అంటే కరెంటు ప్లగ్గు పక్కన. 1928లో సిడ్నీలో మార్క్ లిడ్‌విల్ అనే డాక్టర్ ఒక పసిబిడ్డ గుండెని కరెంటుతో మళ్ళీ నడిపించాడు. 1932లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ హైమన్ చేత్తో తిప్పే స్ప్రింగు మిషన్ చేసి దానికి "ఆర్టిఫిషియల్ పేస్‌మేకర్" అని పేరు పెట్టాడు. 1950లో టొరంటోలో జాన్ హాప్స్ అనే ఇంజనీర్ ఒక పెట్టె చేశాడు, వాక్యూమ్ ట్యూబులతో, ఇంటి కరెంటుతో నడిచేది. 1952లో బోస్టన్‌లో పాల్ జోల్ ఛాతీ చర్మం మీద ఎలక్ట్రోడ్లు పెట్టి రోగుల ప్రాణం నిలబెట్టాడు. కానీ చర్మం కాలేది, ప్రతి దెబ్బకీ ఒళ్ళు అదిరేది. ప్రాణం ఉంది కానీ మంచం దిగలేరు. వైరు ఎంత పొడుగుంటే లోకం అంత పొడుగు.

ఇది నేను ఊరికే అనడం లేదు. 1958లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో సేమర్ ఫర్మన్ అనే కుర్ర డాక్టర్ మొదటిసారి రక్తనాళం గుండా ఒక తీగని గుండె లోపలికి పంపించాడు. ఇవాళ నాలాంటి వాళ్ళ ఒంట్లో ఉన్న తీగలకి అదే తాత. ఆ తీగ చివర ఉన్న మిషన్ ఒక బండి మీద ఉండేది. రోగి వార్డులో నడవాలంటే బండి తోసుకుంటూ, వెనక 50 అడుగుల ఎక్స్‌టెన్షన్ వైరు ఈడ్చుకుంటూ నడిచేవాడు. 51వ అడుగు లేదు.

ఇక మా ఊరి కథ. నేను ఉండేది మినియాపోలిస్ దగ్గర. ఇక్కడి తెలుగు అంకుల్స్‌లో చాలామంది గుండె మిషన్ల కంపెనీల్లో పనిచేస్తారు. ఉగాది పార్టీలో పులిహోర ప్లేటు పట్టుకుని బ్యాటరీల గురించి మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు నాకు అది మహా బోరు. ఇప్పుడు నేనే వెళ్ళి పక్కన నిలబడుతున్నాను.

1957 నాటికి ఇక్కడి యూనివర్సిటీ ఆసుపత్రిలో వాల్టన్ లిలెహై పుట్టుకతో గుండెలో చిల్లు ఉన్న పిల్లలకి ఆపరేషన్లు చేస్తున్నాడు. కొంతమంది పిల్లలకి ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పేది. సన్నటి తీగ గుండెకి కుట్టి, ఇంకో కొస మిషన్‌కి, మిషన్‌ని గోడకి కలిపేవాడు. ఆ ఏడు అక్టోబర్ 31న ఊళ్ళో కరెంటు పోయింది. గంటల తరబడి రాలేదు. ఆ రాత్రి ఒక పసిబిడ్డ పోయింది అని ఎర్ల్ బాకెన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. బాకెన్ ఎవరంటే, ఆసుపత్రి మిషన్లు బాగుచేసే మనిషి. 1949లో చుట్టమైన పామర్ హెర్మండ్స్‌లీతో కలిసి ఒక గరాజ్‌లో మెడ్‌ట్రానిక్ అనే కంపెనీ పెట్టాడు. లిలెహై అతన్ని పిలిచి, గోడ అక్కర్లేని మిషన్ కావాలన్నాడు.

బాకెన్ ముందు కారు బ్యాటరీ గురించి ఆలోచించాడట. తర్వాత ఒక పాత పత్రిక గుర్తొచ్చింది. పాపులర్ ఎలక్ట్రానిక్స్ 1956 సంచికలో ట్రాన్సిస్టర్లతో మెట్రోనోమ్ చేసుకునే పద్ధతి ఉంది. మెట్రోనోమ్ అంటే సంగీతం నేర్చుకునేవాళ్ళకి తాళం వేసే మిషన్. టిక్, టిక్, టిక్. ఆ టిక్కుని చెవికి కాకుండా గుండెకి పంపితే? నాలుగు వారాల్లో అరచేతిలో పట్టే పెట్టె తయారైంది. ముందు కుక్క మీద పరీక్షించారు. ఇంకా పరీక్షలు చెయ్యాలి కదా అనుకుంటూ బాకెన్ మర్నాడు ఆసుపత్రికి వెళ్తే, ఆ పెట్టె అప్పటికే ఒక పాప మెడలో వేలాడుతోంది. పెట్టె ఉండి కూడా ఇంకో బిడ్డ పోవడం లిలెహైకి ఇష్టం లేదు.

నాకు ఈ ఘట్టం దగ్గర ఎప్పుడూ రెండు రకాలుగా అనిపిస్తుంది. ఇవాళ ఏ ఆసుపత్రిలోనూ అలా చెయ్యనివ్వరు, చెయ్యకూడదు కూడా. కానీ అలా జరిగింది కాబట్టి ఆ పాప మంచం దిగింది. అప్పటి ఫోటోల్లో పిల్లలు ఆ పెట్టె కట్టుకుని నిలబడి ఉంటారు. గోడకి దూరంగా, ఎక్కడికి కావాలంటే అక్కడ. పేస్‌మేకర్ చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్ద దూకుడు అదే. నేను విమానంలోంచి దూకింది దాని ముందు ఎంత!

మరుసటి ఏడు స్వీడన్‌లో మిషన్ ఒంటి లోపలికే వెళ్ళింది. ఆర్నె లార్సన్‌కి 43 ఏళ్ళు. ఒక జబ్బు తర్వాత గుండెలో పై గదుల నుంచి కింది గదులకి కబురు వెళ్ళే దారి పాడైంది. రోజుకి 20, 30 సార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. ఇలా పడిపోవడానికి స్టోక్స్-ఆడమ్స్ అనే పేరుంది. 19వ శతాబ్దంలో డబ్లిన్‌లో ఈ జబ్బు గురించి రాసిన ఇద్దరు డాక్టర్ల పేర్లవి. లార్సన్ భార్య ఎల్సె-మరీ పత్రికల్లో చదివి, సర్జన్ ఓకె సెన్నింగ్‌నీ ఇంజనీర్ రూనె ఎల్మ్‌క్విస్ట్‌నీ పట్టుకుంది. మిషన్ ఇంకా మనుషులకి సిద్ధంగా లేదన్నారు. ఆమె వదలలేదు. ఒకరి దగ్గరికి, తర్వాత ఇంకొకరి దగ్గరికి, మళ్ళీ మొదటివాళ్ళ దగ్గరికి. తెలుగులో "చెప్పులరిగేలా తిరగడం" అంటారు కదా, అదే.

1958 అక్టోబర్ 8న ఆపరేషన్ అయింది. ఎల్మ్‌క్విస్ట్ ఆ మిషన్‌ని బూట్ పాలిష్ డబ్బాలో ఎపాక్సీ పోసి అచ్చు తీశాడు. ఇది కట్టుకథ కాదు, నిజంగా పాలిష్ డబ్బానే. అది కొన్ని గంటలే పనిచేసింది. రెండోది పెట్టారు. తర్వాత ఇంకోటి, ఇంకోటి. జీవితం మొత్తంలో లార్సన్‌కి 26 పేస్‌మేకర్లు మారాయి. 2001లో 86 ఏళ్ళ వయసులో ఆయన పోయింది కూడా గుండె వల్ల కాదు, చర్మం క్యాన్సర్ వల్ల. తనకి ఆపరేషన్ చేసిన సర్జన్ కంటే, మిషన్ చేసిన ఇంజనీర్ కంటే ఎక్కువ కాలం బతికాడు.

అమెరికాలో బఫెలో ఊళ్ళో విల్సన్ గ్రేట్‌బాచ్ కథ మీలో చాలామంది వినే ఉంటారు. గుండె చప్పుడు రికార్డు చేసే మిషన్‌లో పొరపాటున వేరే రెసిస్టర్ పెడితే అది గుండెలాగా కొట్టుకోవడం మొదలుపెట్టిందట. 1960 నుంచి ఆయన మిషన్లు మనుషుల్లోకి వెళ్ళాయి. నాకు ఆ పొరపాటు కంటే ఆయన తర్వాత చేసిన పని ముఖ్యం. పాత పాదరసం బ్యాటరీలు రెండేళ్ళకే అయిపోయేవి. 1970ల మొదట్లో ఆయన లిథియం అయోడిన్ బ్యాటరీని పేస్‌మేకర్లకి తెచ్చాడు. అప్పటినుంచి మిషన్ ఏళ్ళ తరబడి నడుస్తోంది. రెండేళ్ళకోసారి కోత పడేవాళ్ళు ఏ ఆట గురించి ఆలోచించగలరు?

కానీ తొలినాటి మిషన్లకి ఒక మొండితనం ఉండేది. నిమిషానికి 70 అంటే 70. నిద్రపోయినా 70, మెట్లెక్కినా 70. ఇంకా ఘోరం ఏంటంటే, గుండె తనంతట తాను కొట్టుకున్నా మిషన్ పట్టించుకోదు. ఇద్దరు మృదంగం వాళ్ళు ఒకరి మాట ఒకరు వినకుండా వాయించినట్టు. 1960ల మధ్యలో బరూ బెర్కోవిట్స్ అనే ఇంజనీర్ దీన్ని మార్చాడు. ఆయన మిషన్ ముందు వింటుంది. గుండె తనే కొట్టుకుంటే నోరు మూసుకుని ఉంటుంది. కొట్టుకోకపోతేనే కలగజేసుకుంటుంది. దీన్ని డిమాండ్ పేస్‌మేకర్ అంటారు.

స్కైడైవింగ్ చేసేవాళ్ళకి ఇలాంటి ఇంకో మిషన్ బాగా తెలుసు. వీపు మీద సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి, ఒకటి అసలుది, ఒకటి రిజర్వ్. వాటితోపాటు ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. 1991లో జర్మనీలో హెల్ముట్ క్లోత్ తెచ్చిన సైప్రెస్ వీటిలో బాగా పేరున్నది. అది గాలి ఒత్తిడి చూస్తూ ఎత్తు, వేగం లెక్కపెడుతుంది. దాదాపు 750 అడుగుల దగ్గర మనిషి ఇంకా సెకనుకి 35 మీటర్ల వేగంతో పడుతుంటే, ఇతను పారాచూట్ తెరవలేదు అని అర్థం చేసుకుని, ఒక చిన్న బ్లేడుతో లూపు కోసి రిజర్వ్ తెరుస్తుంది. మిగతా అన్ని రోజులూ నోరు మూసుకుని ఉంటుంది. నా ఒంటి మీద ఇలాంటివి రెండు. ఒకటి కాలర్ బోన్ కింద, ఒకటి వీపు మీద. రెండూ నన్ను గమనిస్తూ, పని పడకూడదని కోరుకునేవే.

స్కైడైవర్లలో కొంతమంది "సైప్రెస్ ఉంది కదా, స్పృహ తప్పినా పరవాలేదు" అంటారు. నేను ఒప్పుకోను. అది పారాచూట్ తెరుస్తుంది, అంతవరకే. తెరిచాక దాన్ని నడపాలి, గాలికి ఎదురు తిప్పాలి, నేల దగ్గర బ్రేకులు లాగాలి. స్పృహ లేని మనిషి ఎక్కడ దిగుతాడో, ఎలా దిగుతాడో ఎవరికి తెలుసు? పక్కన ఇంకో పది మంది గాల్లో ఉంటారు. కాబట్టి అసలు ప్రశ్న "పేస్‌మేకర్ ఉందా" కాదు, "స్పృహ తప్పుతుందా". 1919 నాటి ప్రశ్నే. కాకపోతే అప్పుడు అందరి గురించీ అడిగారు, ఇప్పుడు నా ఒక్కదాని గురించి.

నా సంగతి క్లుప్తంగా. 29 ఏళ్ళకి కూరగాయల కొట్లో కళ్ళు తిరిగి పడిపోయాను. లార్సన్‌కి ఉన్నదే, పై గది మాట కింది గదికి చేరడం లేదు. కారణం దొరకలేదు. రెండు తీగల పేస్‌మేకర్ పెట్టారు. ఈ రకం 1980ల నాటికి బాగా వాడకంలోకి వచ్చింది. ఒక తీగ పై గదిలో వింటుంది, రెండోది కింది గదికి చెబుతుంది. మా అమ్మమ్మకి ఇలా చెప్పాను: "పై అంతస్తులో ఇంటివాళ్ళు పిలుస్తున్నారు, కింద వాచ్‌మన్‌కి వినపడటం లేదు, అందుకని ఇంటర్‌కామ్ పెట్టారు." ఆవిడ వెంటనే అడిగింది: "మరి దడ పుడితే? అది కూడా ఆ ఇంటర్‌కామే చెబుతుందా?"

ఎంత మంచి ప్రశ్నో నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే పేస్‌మేకర్ ఇంజనీర్లు 1980లలో కొట్టుకుపోయిన ప్రశ్న అదే. కొంతమందికి పై గది కూడా సరిగ్గా పనిచెయ్యదు. వాళ్ళు మెట్లెక్కుతున్నారని మిషన్‌కి ఎలా తెలియాలి? ఒంటి కదలికని పసిగట్టే చిన్న స్ఫటికాన్ని మిషన్‌లో పెట్టారు. ఒళ్ళు కదిలితే వేగం పెంచుతుంది. బాగానే ఉంది, కానీ తమాషాలు జరిగాయి. మెట్లెక్కడం కష్టం, దిగడం తేలిక, అయినా దిగేటప్పుడు అదురు ఎక్కువ కాబట్టి కొన్ని మిషన్లు దిగేటప్పుడే ఎక్కువ కొట్టేవి. గతుకుల రోడ్డు మీద బండిలో ఊరికే కూర్చున్నా పరుగెడుతున్నావనుకునేవి. కదలకుండా కూర్చుని భయపడే మనిషి మాత్రం వాటి లెక్కలో ప్రశాంతంగా ఉన్నట్టే.

స్కైడైవర్ అంటే సరిగ్గా కదలకుండా కూర్చుని భయపడే మనిషి. విమానం 13,000 అడుగులకి ఎక్కడానికి పావుగంట పైన పడుతుంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంటాం, అంతే. 1960లలో వాల్టర్ ఫెంజ్, సేమర్ ఎప్‌స్టైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దూకేవాళ్ళ గుండె వేగాన్ని ఆ పావుగంటలో కొలిచారు. కొత్తవాళ్ళకి విమానం పైకి వెళ్ళేకొద్దీ గుండె వేగం పెరుగుతూనే ఉంటుంది, దూకే క్షణం దాకా. అనుభవం ఉన్నవాళ్ళకి మధ్యలోనే పెరిగి, తలుపు దగ్గరికి వచ్చేసరికి తగ్గుతుంది. భయం లేక కాదు. భయం ముందే వచ్చి, పని మొదలయ్యేసరికి పక్కకి తప్పుకుంటుంది. "గుండె జారిపోయింది" అని మనం అనేది ఏ క్షణమో తెలుగువాళ్ళు కొలవలేదు కానీ వీళ్ళు కొలిచారు.

అమ్మమ్మకి జవాబు ఏంటంటే, చెబుతుంది. నా పై గది బాగుంది. దడ పుడితే పై గదికి తెలుస్తుంది, తీగ వింటుంది, కింది గదికి అందుతుంది. కాకపోతే ఒక హద్దు ఉంది. ఇంతకంటే వేగంగా పిలిస్తే నేను చెప్పను అని మిషన్‌లో ఒక అంకె రాసి ఉంటుంది, చాలామందికి 120, 130 ఆ ప్రాంతంలో. పై గది ఆ హద్దు దాటితే మిషన్ కొన్ని పిలుపులు వదిలేస్తుంది. అప్పుడు పరుగులో ఉన్న మనిషికి ఒక్కసారి నీరసం వచ్చినట్టవుతుంది. నాకు 130 ఉండేది. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, చూసి, 160 చేశారు. విమానం తలుపు దగ్గర ఆ 30 చాలా పెద్ద తేడా.

గుండె వేగం తేలింది. అసలు చిక్కు అక్కడ లేదు, పట్టీలో ఉంది.

మొదటి డాక్టర్ నా ప్రశ్న పూర్తికాకముందే వద్దన్నారు. పేరు అనవసరం. రెండో డాక్టర్, నాకంటే పొట్టిగా ఉన్న ఒక పెద్దావిడ, "ఆ హార్నెస్ తీసుకురా, చూద్దాం" అన్నారు. క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో పది కిలోల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే అందరూ నావైపే చూశారు. లోపలికి వెళ్ళి తొడుక్కున్నాను. ఆవిడ పెన్నుతో నా చర్మం మీద మిషన్ చుట్టూ గీత గీశారు. భుజం పట్టీ సరిగ్గా ఆ గీత మీదనుంచే వెళ్తోంది. అసలు పారాచూట్‌ని వదిలించే మూడు లోహపు రింగులు కూడా అక్కడే.

ఇది ఎందుకు పెద్ద విషయం? పొట్ట నేలవైపు పెట్టి పడుతున్నప్పుడు మన వేగం గంటకి 190 కిలోమీటర్ల చుట్టుపక్కల. పారాచూట్ తెరుచుకోగానే కొన్ని సెకన్లలో అది దాదాపు అంతా పోతుంది. ఆ బరువు తొడల పట్టీల మీదా, భుజాల మీదా పడుతుంది. మిషన్ టైటానియం డబ్బా, దానికి ఏమీ కాదు. కానీ దాని మీద చర్మం పలచన. ఇంకా ముఖ్యం, తీగలు. అవి కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య ఇరుకులోంచి లోపలికి వెళ్తాయి. దూకని మామూలు మనుషుల్లో కూడా ఏళ్ళ తరబడి ఆ రెండు ఎముకల మధ్య నలిగి తీగలు తెగిన సందర్భాలు ఉన్నాయి. పేస్‌మేకర్ చరిత్ర మొత్తంలో బ్యాటరీ మారింది, బుర్ర మారింది, డబ్బా చిన్నదైంది. తీగ మాత్రం ఎప్పుడూ బలహీనమైన చోటే. ఫర్మన్ పంపిన రోజు నుంచీ అంతే.

పైగా మన ఆటలో చేతులు ఎప్పుడూ పైనే. పడేటప్పుడు రెండు చేతులూ తల పక్కన, పారాచూట్ నడిపేటప్పుడు తలపైన. పేస్‌మేకర్ పెట్టాక మొదటి కొన్ని వారాలు ఎడమ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తొద్దంటారు, తీగ గుండెలో కుదురుకోవాలని. రిజర్వ్ పిడి ఉండేది కూడా ఎడమవైపే. వారాల తరబడి కదలని చెయ్యి అవసరమైనప్పుడు గట్టిగా లాగగలదా? ఇవీ నిజమైన ప్రశ్నలు. నన్ను వద్దన్న మనిషి వీటిలో ఒక్కటి అడిగి ఉన్నా నేను ఒప్పుకుని ఇంటికి వెళ్ళేదాన్నేమో.

తీగ లేకపోతే? ఆ ఆలోచన కూడా ఇప్పుడు చరిత్రే. 2013లో మొదటిసారి తీగల్లేని పేస్‌మేకర్లలో ఒకటైన మైక్రాని మనిషి గుండెలో పెట్టారు. విటమిన్ గొట్టం అంత, రెండు గ్రాముల బరువు. కాలి రక్తనాళం గుండా తీసుకెళ్ళి నేరుగా కింది గదిలో వదులుతారు. 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాలర్ బోన్ కింద ఏమీ ఉండదు, పట్టీ ఎక్కడైనా వెళ్ళొచ్చు. కానీ నాలాంటి వాళ్ళకి పై గది మాట వినాలి కదా. 2020లో వచ్చిన రకం పై గది కదలికని అక్కడినుంచే పసిగట్టడానికి ప్రయత్నిస్తుంది. గుండె వేగం పెరిగేకొద్దీ దానికి వినడం కష్టమవుతుంది. 2023లో రెండు గొట్టాలు, పై గదిలో ఒకటి, కింద ఒకటి, తమలో తాము మాట్లాడుకునేవి వచ్చాయి. నా పెట్టెలో బ్యాటరీ అయిపోయే నాటికి ఏం ఉంటుందో చూడాలి. ప్రస్తుతానికి నాకున్నది తీగే.

ఇక ఎవరు ఒప్పుకోవాలి అన్న సంగతి. అమెరికాలో విమానం నడిపేవాళ్ళ విషయంలో ప్రభుత్వ నియమం స్పష్టంగా ఉంది. శాశ్వత పేస్‌మేకర్ ఉంటే మామూలు మెడికల్ సర్టిఫికెట్ రాదు, ప్రత్యేకంగా పరీక్షలు చూపించి అనుమతి తెచ్చుకోవచ్చు. దూకేవాళ్ళ విషయంలో ఇక్కడి పారాచూట్ సంఘం నియమం వేరు. పైలట్ మెడికల్ సర్టిఫికెట్ అయినా ఉండాలి, లేదా ఆరోగ్యం బాగుందని డాక్టర్ సంతకం అయినా ఉండాలి, లేదా నాకు ఏ ఇబ్బందీ లేదని సంఘం రాసిన మాటల కింద మనమే సంతకం పెట్టాలి. ఆ మూడోది చూసి నాకు భయం వేసింది. ఎవరికీ చెప్పకుండా సంతకం పెట్టేసి దూకేవాళ్ళు ఉంటారు కదా! నేను రెండోది ఎంచుకున్నాను. అది మంచితనం కాదు. పక్కన దూకేది నా స్నేహితులు.

వయసూ గుండే రెండూ అడ్డమన్నా దూకినవాళ్ళలో అందరికీ తెలిసిన మనిషి పెద్ద జార్జ్ బుష్. ఆయనకి పేస్‌మేకర్ కథ కాదు, లయ తప్పిన గుండె కథ. 1944లో యుద్ధంలో విమానం కూలుతుంటే దూకాడు, పిడి తొందరపడి లాగాడు, తల విమానం తోకకి తగిలింది. 1991లో ప్రెసిడెంట్‌గా ఉండగా జాగింగ్ చేస్తుంటే గుండె లయ తప్పింది, థైరాయిడ్ జబ్బు బయటపడింది. అయినా 1997లో, 72 ఏళ్ళకి, మళ్ళీ దూకాడు. 75, 80, 85 పుట్టినరోజులకి కూడా. 2014లో 90వ పుట్టినరోజుకి చక్రాల కుర్చీలోంచి లేవలేని స్థితిలో హెలికాప్టర్‌లోంచి టాండెమ్‌గా, అంటే ఇంకొకరి ఒంటికి కట్టుకుని, దూకాడు. ప్రెసిడెంట్ కాబట్టి చెల్లింది అనొచ్చు, కొంత నిజమే. కానీ టాండెమ్ హార్నెస్ 1980ల మొదట్లో వచ్చి ఉండకపోతే ప్రెసిడెంట్‌కైనా కుదిరేది కాదు.

మా డ్రాప్ జోన్ రిగ్గర్, అంటే పారాచూట్లు తనిఖీ చేసి మడిచే ఆయన, నాకు మూడు హార్నెస్‌లు తొడిగి చూశాడు. మూడోదానిలో భుజం పట్టీ రెండు వేళ్ళు మెడవైపు జరిగింది. మిషన్ బయటే ఉండిపోయింది. డాక్టర్‌గారు ఫోటో చూసి, ఎక్స్‌రే తీయించి, సంతకం పెట్టారు. ఆరు నెలలు చెయ్యికి వ్యాయామం, తర్వాత నిలువు గాలి టన్నెల్‌లో రెండు రోజులు, తర్వాత శిక్షకుడితో నేల మీద మళ్ళీ మొదటినుంచీ పాఠం. పోయిన ఆగస్టులో 164వ సారి దూకాను. పారాచూట్ మెత్తగానే తెరుచుకుంది. అమ్మమ్మకి దిగాక చెప్పాను. "ముందే చెబితే నాకూ ఒక మిషను పెట్టించాల్సి వచ్చేది" అంది.

సెప్టెంబర్‌లో పేస్‌మేకర్ చెకప్‌కి వెళ్ళాను. టెక్నీషియన్ ఛాతీ మీద చిన్న పరికరం పెట్టి లోపల దాచిన లెక్కలు తీసింది. గుండె ఏ వేగంతో ఎంతసేపు కొట్టుకుందో గడులు గడులుగా కాగితం మీద వస్తుంది. 140 దాటిన గడి ఎప్పుడూ ఖాళీ. ఈసారి అందులో వెంట్రుకంత సన్నటి గీత ఉంది. అది విమానం ఎక్కేటప్పుడు పెరిగిందా, తలుపు దగ్గరా అన్నది ఆ కాగితంలో ఉండదు. ఫెంజ్, ఎప్‌స్టైన్ నన్ను కొత్తవాళ్ళలో లెక్కేసేవాళ్ళా, పాతవాళ్ళలోనా అని అడగాలనిపించింది. టెక్నీషియన్ ఆ గీత చూసి "పరుగు మొదలుపెట్టారా?" అంది. చెప్పాను. కుర్చీ నావైపు తిప్పుకుని తీగల నిరోధకం ఇంకోసారి కొలిచింది. 480 ఓమ్‌లు, పోయినసారి ఉన్నంతే. ఆరు నెలలకి మళ్ళీ రమ్మంది, ఈలోపు దూకిన ప్రతిసారీ తేదీ రాసి పెట్టుకోమంది.